పదహారు సీసాలతో పరిమళాల చదువు: వాసన కుటుంబాలు, వాటి ముడిసరుకులు

వుడీ, ఫ్లోరల్, అంబర్, షీప్ర్... పెర్ఫ్యూమ్ డబ్బాల మీద ఈ మాటలు చదివి తలూపేవాళ్లు చాలామందే. కళ్లు మూసుకుని వాసన చూసి "ఇందులో వట్టివేరు ఉంది, అడుగున సాంబ్రాణి ఉంది" అని చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ. ఇది పుట్టుకతో వచ్చే విద్యేమీ కాదు, సాధనతో పట్టుబడేదే. పైగా తెలుగు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో సగం పాఠం ఎప్పుడో అయిపోయింది. పూజగదిలో పచ్చకర్పూరం, గంధం, సాంబ్రాణి. వంటింట్లో లవంగం, యాలకులు, ధనియాలు. పూలబుట్టలో మల్లె, మరువం, దవనం. పారిస్‌లో పరిమళాలు కలిపేవాళ్ల బల్ల మీద కూడా ఇవే ఉంటాయి.

మైకేల్ ఎడ్వర్డ్స్ అనే పరిమళ నిపుణుడు 1992లో గీసిన చక్రమే ఇప్పుడు ఎక్కువమంది వాడేది. అందులో పెద్ద గుంపులు నాలుగు: పూలు, అంబర్, కలప, తాజా వాసనలు. వాటి కింద ఉపశాఖలు. చక్రం పనికొచ్చేదే కానీ దాన్ని బట్టీపట్టి ప్రయోజనం లేదు. ముందు ముడిసరుకు వాసన తెలియాలి. అది తెలిస్తే ఏ కుటుంబం ఎందుకు అలా ఉంటుందో ముక్కే చెబుతుంది. ఈ మార్గదర్శి ఆ క్రమంలోనే నడుస్తుంది.

మొదటి మెట్టు: సామాను

6వ శతాబ్దంలో వరాహమిహిరుడు సుగంధాల తయారీ గురించి రాస్తూ, 16 ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎంచుకుంటే 1820 రకాల కలయికలు వస్తాయని లెక్క చెప్పాడు. మొదలుపెట్టడానికి మనకూ పదహారు చాలు. నేను సూచించేవి ఇవి: బర్గమోట్ (ఒక నిమ్మజాతి పండు), నారింజ, నిమ్మగడ్డి, లావెండర్, ధనియాలు, దవనం, మల్లె అబ్సొల్యూట్, ఇలాంగ్ ఇలాంగ్ (ఒక పువ్వు), పామరోజా, యాలకులు, లవంగం, గంధం, వట్టివేరు, పాచౌలి (ఒక ఆకు), సాంబ్రాణి, కుమారిన్. చివరిది తప్ప అన్నీ మొక్కల నుంచి వచ్చినవే. ఒక్కోటి రెండు మూడు మిల్లీలీటర్లు కొంటే చాలు. మల్లె, గంధం ఖరీదైనవి. మల్లెను ఒక్క మిల్లీలీటరుతో సరిపెట్టుకోవచ్చు.

కొనేటప్పుడు సీసా మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. గంధానికి సాంటలమ్ ఆల్బమ్ అని, మల్లెకు జాస్మినమ్ సంబక్ అని ఉండాలి. ఉత్త "జాస్మిన్ ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని ఉంటే అది ఎవరో ముందే కలిపిపెట్టిన మిశ్రమం. బాగానే ఉండొచ్చు కానీ దానితో మల్లె వాసన నేర్చుకోలేం. గంధం నూనెలో కల్తీ మరీ ఎక్కువ. నమ్మకమైన చోట దొరక్కపోతే ఆస్ట్రేలియాలో తోటలు వేసి తీస్తున్న గంధం నూనె తెప్పించుకోవడం మేలు.

వీటితో పాటు 0.01 గ్రాము వరకు తూచే చిన్న డిజిటల్ కాటా, డ్రాపర్లు, రంగు గాజు సీసాలు, వాసన చూడటానికి బ్లాటర్ పట్టీలు కావాలి. పట్టీలు దొరక్కపోతే వాసనలేని మందపాటి డ్రాయింగ్ కాగితాన్ని సన్నగా కత్తిరించుకోండి. ఇంకొకటి నోట్‌బుక్. ఇది తప్పనిసరి.

పలచన చేయడానికి మన దగ్గర ఉన్న చిక్కు ఆల్కహాల్. స్వచ్ఛమైన ఇథనాల్ మీద ఎక్సైజ్ నియంత్రణ ఉంది కాబట్టి మామూలు మనిషికి సులువుగా దొరకదు. అలాగని పెయింట్ షాపులో అమ్మే స్పిరిట్ వాడకండి, అందులో విషపూరితమైన మిథనాల్ ఉండొచ్చు. నేర్చుకునే దశలో డీపీజీ అనే వాసనలేని ద్రావకం సరిపోతుంది. ఒంటికి రాసుకునే అత్తరుకైతే జొజోబా నూనె. ఒక్కో ముడిసరుకులో కొంత తీసి డీపీజీలో 10 శాతానికి పలచన చేసి, సీసా మీద పేరు, తేదీ రాసి పెట్టుకోండి. సాంబ్రాణి మాత్రం గట్టి బంక. దాన్ని ఇంట్లో కరిగించే శ్రమ పెట్టుకోకుండా ముందే డీపీజీలో కలిపి అమ్మేది కొనండి.

రెండో మెట్టు: ఏది ఎంతసేపు నిలుస్తుందో చూడటం

మూడు పట్టీలు తీసుకోండి. ఒకదాని కొసన నారింజ, ఇంకోదాని మీద లావెండర్, మూడోదాని మీద వట్టివేరు ఒక్కో చుక్క. వెంటనే, పావుగంటకు, గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు పొద్దున వాసన చూసి రాసుకోండి. నారింజ గంటలోపే దాదాపు మాయమవుతుంది. లావెండర్ పూటంతా కొద్దికొద్దిగా సన్నబడుతుంది. వట్టివేరు రోజులు గడిచినా పట్టీని వదలదు.

టాప్ నోట్, మిడిల్ నోట్, బేస్ నోట్ అనే విభజన అంతా ఈ ప్రయోగంలోనే ఉంది. చిన్న, తేలికపాటి అణువులు త్వరగా ఆవిరవుతాయి, బరువైనవి నెమ్మదిగా. బరువైన సరుకు తేలికవాటిని కూడా కాస్త పట్టి ఉంచుతుంది కాబట్టి దానికి ఫిక్సేటివ్ అని పేరు. షాపులో పెర్ఫ్యూమ్ కొట్టుకుని రెండు నిమిషాల్లో నిర్ణయం తీసుకునేవాళ్లు నిజానికి బర్గమోట్‌నో నారింజనో కొంటున్నారు. రేపు చొక్కాకు మిగిలేది వేరే వాసన.

ఒక పూటకు ఐదారు వాసనలు మించకూడదు. ముక్కు మొద్దుబారితే షాపుల్లో కాఫీ గింజలు వాసన చూడమంటారు. వాటికి ప్రత్యేకమైన గుణమేమీ లేదు. బయటికెళ్లి నాలుగు నిమిషాలు మామూలు గాలి పీల్చండి, అదే చాలు.

మూడో మెట్టు: కుటుంబాలను ఒక్కొక్కటిగా కలవడం

వారానికి ఒక కుటుంబం చొప్పున పెట్టుకోండి. ఆ వారమంతా ఆ సీసాలే ముందుండాలి.

*నిమ్మజాతి.* ఇది అన్నిటికంటే సులువు. బత్తాయి తొక్కను వేళ్లతో వంచితే చిమ్మే తుంపరే ఈ కుటుంబపు ముడిసరుకు. తొక్కను పిండి నూనె తీస్తారు, వేడి తగలనివ్వరు. బర్గమోట్ ప్రధానంగా ఇటలీలోని కలాబ్రియాలో పండుతుంది. ఇటలీ నుంచి జర్మనీ వెళ్లిన యోహాన్ మరియా ఫరీనా 18వ శతాబ్దం మొదట్లో కొలోన్ నగరంలో తయారుచేసిన పరిమళానికి ఇదే ప్రాణం. ఈరోజు ఎవరు తయారుచేసినా "కొలోన్" అనేది ఆ ఊరి పేరే. ఒక హెచ్చరిక: బర్గమోట్, నిమ్మ తొక్క నూనెల్లో ఫ్యూరోకుమారిన్లు ఉంటాయి. అవి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి మచ్చలు పడతాయి. ఒంటికి వాడేటప్పుడు ఎఫ్‌సీఎఫ్ అని రాసి ఉన్న రకమే తీసుకోండి, అందులోంచి ఆ పదార్థాలను తొలగించి ఉంటారు.

*పూలు.* ఇక్కడ తొందరపడకండి. ముఖ్యంగా మల్లె దగ్గర.

సాయంత్రం మల్లెమొగ్గలు కొనితెచ్చి పళ్లెంలో పోసి గంటగంటకూ వాసన చూడండి. మొగ్గగా ఉన్నప్పుడు పచ్చి ఆకు వాసన. రేకులు విచ్చుతున్నప్పుడు తీపి, కాస్త అరటిపండును తలపించే పరిమళం. బెంజైల్ ఎసిటేట్ అనే పదార్థం వాసన అలాంటిదే. రాత్రి పదింటికి గదంతా కమ్ముకునే బరువైన మత్తు. మర్నాడు పొద్దున వాడిన దండలో ఇంకో వాసన ఉంటుంది, కుళ్లుకు దగ్గరగా, కొంచెం కలరా ఉండల్లా. ఈ బరువు వెనుక ఇండోల్ అనే పదార్థం ఉంది. ఇండోల్‌ను విడిగా, చిక్కగా వాసన చూస్తే ముక్కు మూసుకుంటాం. మల్లెలో ఉన్నంత కొద్దిపాటిగా ఉంటే అదే పువ్వుకు ప్రాణం పోస్తుంది. ఇండోల్ లేకుండా కలిపిన మల్లె వాసన శుభ్రంగా, సబ్బులా, జీవం లేకుండా ఉంటుంది. చౌక రూమ్ ఫ్రెషనర్‌లో మల్లె ఎందుకు మల్లెలా అనిపించదో ఇప్పుడు అర్థమవుతుంది.

మల్లె, జాజి పూలను నీటి ఆవిరితో బట్టీ పట్టడం దండగ, ఆ వేడికి సున్నితమైన వాసన పాడైపోతుంది. అందుకే హెక్సేన్ లాంటి ద్రావకంలో నానబెట్టి, వచ్చిన మైనం లాంటి కాంక్రీట్‌ను ఆల్కహాల్‌తో కడిగి అబ్సొల్యూట్ తీస్తారు. ఒక కిలో జాజి అబ్సొల్యూట్‌కు సుమారు 600 నుంచి 700 కిలోల పూలు పడతాయి. తమిళనాడులో మదురై, కోయంబత్తూరు చుట్టుపక్కల నుంచి ఈ సరుకు ప్రపంచమంతటికీ వెళుతుంది.

గులాబీ నూనె ఇంకా ఖరీదు. కిలో నూనెకు మూడు టన్నులకు పైగా పూలు కావాలి. అందుకే మన జాబితాలో గులాబీ బదులు పామరోజా పెట్టాను. అది ఒక గడ్డి. గులాబీలో కూడా ఉండే జెరానియాల్ దీంట్లో దండిగా ఉంటుంది. రెండింటి వాసనా ఒకటే అని చెప్పను కానీ గులాబీ వైపు దారి మాత్రం చూపిస్తుంది.

మొగలిపువ్వుది వేరే కథ. ఒడిశాలోని గంజాం జిల్లాలో, అంటే శ్రీకాకుళం సరిహద్దు దాటగానే, మొగలిపొత్తులను రాగి పాత్రల్లో బట్టీ పడతారు. అలా తీసిన మొగలి నూనెకు, అంటే గంజాం కేవడా రూహ్‌కు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

*ఆకులు, మూలికలు, ఫూజేర్.* లావెండర్, ధనియాలు పక్కపక్కన పెట్టి వాసన చూడండి. రెండింటిలో ఏదో చుట్టరికం తగులుతుంది. దాని పేరు లినాలూల్. ధనియాల నూనెలో సగానికి పైగా అదే. వంటింటి డబ్బాలో ఉన్న ధనియాలు దంచి చూసినా తెలుస్తుంది.

దవనం గురించి నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉంది, దాచను. ప్రపంచ పరిమళ పరిశ్రమకు దవనం నూనె వెళ్లేది దక్షిణ భారతదేశం నుంచే: కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు. మనం కనకాంబరాల మధ్య గుచ్చే ఆ బూడిదరంగు కొమ్మ నూనెగా మారితే పండిన ఆప్రికాట్, సారా, ఎండుగడ్డి కలిసినట్టుంటుంది. ఒక్క చుక్క ఎక్కువైతే మిశ్రమం మొత్తాన్నీ మింగేస్తుంది. సాధన మిశ్రమాల్లో 1 శాతానికి పలచన చేసుకుని వాడండి.

ఈ మూలికలకు కుమారిన్ తోడైతే ఫూజేర్ కుటుంబం పుడుతుంది. టాంకా గింజలో సహజంగా దొరికే కుమారిన్‌ను విలియం పెర్కిన్ 1868లో ప్రయోగశాలలో తయారుచేశాడు. వాసన కోసి ఎండబెట్టిన గడ్డిలా ఉంటుంది. 1882లో ఉబిగాఁ కంపెనీ కోసం పాల్ పార్కే దాన్ని లావెండర్‌తో, ఓక్‌మాస్‌తో కలిపి "ఫూజేర్ రాయాల్" చేశాడు. మంగలి షాపులో గడ్డం గీశాక రాసే లోషన్ వాసన ఇప్పటికీ ఆ వంశానిదే.

*కలప.* గంధం, వట్టివేరు, పాచౌలి, అగరు. గంధంచెట్టు పక్క చెట్ల వేళ్ల నుంచి కొంత ఆహారం లాక్కుని బతుకుతుంది. దాని చేవలోనే నూనె ఉంటుంది, పైచెక్కలో ఉండదు. చేవ పట్టడానికి ఏళ్లూ పూళ్లూ కావాలి. వాసన పాలలా మెత్తగా ఉంటుంది, గట్టిగా అరవదు. కొత్తవాళ్లు "నాకేమీ వాసన రావట్లేదే" అంటారు. అరగంట ఆగి చూడమనండి.

వట్టివేరు ఒక గడ్డి తాలూకు వేరు అయినా కలప కుటుంబంలోనే లెక్క. వేసవిలో కిటికీలకు కట్టే తడకలు, కుండలో వేసే వేళ్ల కట్ట అందరికీ తెలిసినవే. దాని అణువులు బరువైనవి కాబట్టి గంటల తరబడి బట్టీ పట్టాలి. ఉత్తరాదిన రాగి పాత్రల్లో తీసిన వట్టివేరు నూనెకు, అంటే రూహ్ ఖస్‌కు, రాగి తగిలి ఆకుపచ్చ ఛాయ వస్తుంది. అగరు ఇంకా విచిత్రం. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు వాసన ఉండదు. బూజు సోకినప్పుడు తనను కాపాడుకోవడానికి చెట్టు ఊరించుకునే బంకలోనే ఉంది ఆ ఘాటంతా. మనదేశంలో అస్సాం దీనికి ప్రసిద్ధి.

*అంబర్.* బంకలు, సాంబ్రాణి, వనిలా, మసాలాలు కలిసిన వెచ్చటి కుటుంబం. కొన్నేళ్ల కిందటి వరకు ఓరియంటల్ అనేవారు. ఎడ్వర్డ్స్ 2021లో ఆ పేరు తీసేసి అంబర్ అని మార్చాడు. సాంబ్రాణిని నిప్పుల మీద వేస్తే వచ్చే పొగ వాసన వేరు, బంకగా చూస్తే వచ్చే వాసన వేరు. బంకలో వనిలా తీపి స్పష్టంగా తెలుస్తుంది. 1925లో గెర్లాఁ కంపెనీ తెచ్చిన "షాలిమార్" ఈ కుటుంబానికి పెద్దదిక్కు. తెలుగునేలకూ ఈ సరుకులతో పాత సంబంధమే. కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలు అని బిరుదు. ఆయన వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి, గంధం తెప్పించింది అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు.

*షీప్ర్.* అందరూ తడబడేది ఇక్కడే. 1917లో ఫ్రాన్సువా కోటీ "షీప్ర్" పేరుతో తెచ్చిన పరిమళం దీనికి మూలం: పైన బర్గమోట్, మధ్యలో పూలు, అడుగున లబ్దానం అనే బంక, ఓక్‌మాస్ అనే చెట్టుబెరడు పాచి. ఓక్‌మాస్ ఎక్కడ వెతకాలని బెంగ వద్దు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా అలాంటి లైకెనే. దాన్ని వెచ్చటి నూనెలో వేసి, తడిసిన అడవి నేలను తలపించే ఆ వాసన పట్టుకోండి. షీప్ర్ అడుగుభాగం అటువైపే ఉంటుంది. ఉత్తరాది షమామా అత్తరులో రాతిపువ్వును వందల ఏళ్లుగా వాడుతున్నారు.

*మిగిలినవి.* గూర్మాండ్ అంటే తినే పదార్థాల వాసన. పీచుమిఠాయి వాసనిచ్చే ఇథైల్ మాల్టాల్‌ను పాచౌలితో కలిపి 1992లో వచ్చిన "ఏంజెల్" దీనికి ఊపు తెచ్చింది. నీటి వాసనలకు మూలం 1966లో ఫైజర్ కంపెనీలో కనుగొన్న కాలోన్ అనే రసాయనం, పుచ్చకాయ తొక్కలా ఉంటుంది. ఆల్డిహైడ్లు అనే రసాయనాల వాసన ఇస్త్రీ చేసిన తెల్లబట్టలా ఉంటుంది. 1921 నాటి "షనెల్ నంబర్ 5" మెరుపు వాటిదే.

జంతు సుగంధాలు ఇప్పుడు దాదాపు అన్నీ కృత్రిమమే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పునుగు తైలం పూయడం నేటికీ ఉంది గానీ, పెర్ఫ్యూమ్ సీసాలో ఉండే కస్తూరి, పునుగు ప్రయోగశాలలో పుట్టినవే. అలాగే ఉండాలి కూడా. కస్తూరి జింకను వేటాడటం, తిమింగలం నుంచి వచ్చే అంబర్‌గ్రిస్ అమ్మడం, కొనడం మనదేశంలో నేరం. ఎవరైనా "అసలు సరుకు" అని చూపిస్తే దూరంగా ఉండండి. కృత్రిమ కస్తూరుల్లో కొన్ని కొందరి ముక్కుకు అసలు తెలియవు. అది లోపమేమీ కాదు, వేరే రకం ప్రయత్నించాలి.

నాలుగో మెట్టు: జంటలు కట్టడం

విడివిడిగా గుర్తుపట్టడం వచ్చాక రెండేసి కలపండి. ఫ్రాన్స్‌లో పరిమళాలకు పేరుపడ్డ గ్రాస్ ఊళ్లో ఎందరికో ఈ విద్య నేర్పిన జాఁ కార్ల్ పద్ధతి కూడా ఇదే: రెండు సరుకులు తీసుకుని పాళ్లు మార్చుకుంటూ పోవడం. గంధం, వట్టివేరు తీసుకోండి. 9 చుక్కలకు 1, 7కు 3, 5కు 5, 3కు 7, 1కి 9. ఐదు సీసాలు, ఐదు పట్టీలు. ఎక్కడో ఒకచోట రెండూ విడిగా వినపడటం మానేసి మూడో వాసన పుడుతుంది. ఆ బిందువే అకార్డ్. అది అందరికీ ఒకేచోట ఉండదు.

ఆ తర్వాత లావెండర్ 4, బర్గమోట్ 3, పామరోజా 1, కుమారిన్ 1, పాచౌలి 1 చుక్కలు కలపండి. అన్నీ 10 శాతం పలచనవే. చిన్నపాటి ఫూజేర్ మీ ముందుంటుంది.

ఐదో మెట్టు: ఒంటికి రాసుకునే అత్తరు

ముందు కన్నౌజ్ పద్ధతి తెలుసుకోవడం మంచిది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ఊళ్లో డేగ్ అనే రాగి డేగిసాలో పూలు, నీళ్లు పోసి, మూత అంచులను మట్టి, దూది కలిపిన ముద్దతో మూసేస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కా అనే రాగి కుండలోకి దిగుతుంది. నీళ్ల తొట్టిలో కూర్చున్న ఆ కుండలో ముందే గంధం నూనె పోసి ఉంటుంది. పనివాడు కుండను చేత్తో తాకి ఎంత వేడెక్కిందో చూసి మంట తగ్గిస్తాడు, తొట్టిలో నీళ్లు మారుస్తాడు. మర్నాడు అడుగున చేరిన నీటిని తీసేసి, అదే గంధంలోకి కొత్త పూల ఆవిరి ఎక్కిస్తారు. ఇలా రోజుల తరబడి. కాల్చిన మట్టిని ఇలా బట్టీ పట్టి తొలకరి వాసన కూడా తీస్తారు. గంధం ధర పెరిగాక చాలా చోట్ల లిక్విడ్ పారాఫిన్ వచ్చి చేరింది. కొనేటప్పుడు దేనిలో తీసిన అత్తరో అడగండి.

ఇంట్లో బట్టీ అక్కర్లేదు. 10 గ్రాముల సీసాకు కొలతలు ఇవి, పలచన చేయని నూనెలతో, కాటా మీద తూచి: ఎఫ్‌సీఎఫ్ బర్గమోట్ 0.50 గ్రాములు, ధనియాలు 0.15, మల్లె అబ్సొల్యూట్ 0.10, దవనం 0.03, వట్టివేరు 0.32, గంధం 0.90. మొత్తం 2 గ్రాములు. మొదట గంధం, వట్టివేరు పోసి, తర్వాత పూలు, చివర బర్గమోట్. పైన 8 గ్రాముల జొజోబా. దవనం అంత కొంచెం తూచడం కష్టమైతే జొజోబాలో 10 శాతానికి పలచన చేసి 0.30 గ్రాములు వేసి, మిగతా జొజోబాను 7.73 గ్రాములకు తగ్గించండి.

మూతబిగించి చీకటి అలమరలో మూడు వారాలు ఉంచండి. కలిపిన రోజు ముక్కలు ముక్కలుగా ఉన్న వాసన అప్పటికి ఒక్కటవుతుంది. అడుగున మల్లె మైనం మబ్బులా తేలితే భయపడకండి, వడకట్టేయొచ్చు. వాడేముందు మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి ఒకరోజు చూడండి. దురద, ఎర్రదనం వస్తే వాడొద్దు. సహజమైన నూనె కాబట్టి ఏమీ కాదనుకోవడం పొరపాటు. లవంగంలోని యూజినాల్, నిమ్మగడ్డిలోని సిట్రాల్ చాలామందికి పడవు. చిక్కటి నూనెలను నేరుగా ఒంటికి రాయకండి. సీసాలు పిల్లలకు అందనీయకండి.

రెండోసారి కలిపేటప్పుడు ఒక్క అంకె మాత్రమే మార్చండి. వట్టివేరు 0.32 నుంచి 0.20కి దించి, ఆ తగ్గినది గంధంలో చేర్చండి. మిగతావన్నీ అలాగే. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి మర్నాటి దాకా వాసన చూసి, తేడా ఎక్కడ మొదలైందో నోట్‌బుక్‌లో రాసుకున్నాకే మూడో సీసా మొదలుపెట్టండి.